వాయించిన మనిషి

ఆ ఇంట్లో పాలు పొంగడానికి వీల్లేదు. పొంగితే ఆవిరి లేస్తుంది, ఆవిరి లేస్తే తేమ పెరుగుతుంది, తేమ పెరిగితే ముందుగదిలో గోడకు తగిలించిన గుండ్రటి మీటరులో ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంది. ముల్లుతో పాటు ఇంటాయన ముఖం కూడా ఎర్రబడుతుంది. అందుకని వదినగారు వంటింటి తలుపు మూసేసి, తలుపు సందులో తువ్వాలు మడిచి దోపి, పాలగిన్నె ముందు కాపలా నిలబడుతుంది.

ఆమెను వదినగారు అనడం ఆ ఇంటికి వచ్చే సంఘంవాళ్ళ అలవాటు. ఎవరికి వదిన, ఏ వరసన వదిన అంటే ఒక్కరూ చెప్పలేరు. టీ అందించే చేతిని ఏదో ఒకటి అని పిలవాలి కదా! పిలవగా పిలవగా అదే ఖాయమైపోయింది. సొంతపేరు ఉత్తరాలు తెచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తులేదు. మనమూ వదినగారనే అందాం, ఆమె ఏమీ అనుకోదు. అనుకున్నా పైకి అనదు.

సంఘమంటే చదునువీపు మాండొలిన్లు సేకరించేవాళ్ళ సంఘం. మాండొలిన్ అనగానే మామూలు మనుషులకు తోచేది సగం కోసిన గుమ్మడికాయలా వీపు ఉబ్బిన వాద్యం. వీళ్ళు అలాంటిదాన్ని వేలితో కూడా ముట్టరు. వాటిని బొజ్జలంటారు, వాటిని దాచుకునేవాళ్ళను బొజ్జరాయుళ్ళంటారు. వీళ్ళకు కావలసింది పలకలా చదునైన వీపు. అందులోనూ పాతది, పాతవాటిలోనూ వింతది. భుజం దగ్గర నత్తగుల్లలా చుట్ట తిరిగినదొకటి, మెడ చివర గుర్రం తల చెక్కినదొకటి, రెండు రంగుల చెక్కను వంటింటి గచ్చులా గళ్ళుగళ్ళుగా అతికినదొకటి. ఇంటాయన దగ్గర అలాంటివి గోడ నిండా ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కో అద్దాల గూడు, ఒక్కో చిన్న దీపం. మనుషులకు మాత్రం పడకగదిలో ఒకే దీపం, అదీ మినుకుమినుకుమంటూ ఉంటుంది.

కిటికీలు తెరవరు. రెక్కల సందుల్లో నల్లటి టేపు అతికించి ఉంది. కింద అంతస్తులో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ ఒకటి ఉంది. దాని పొగగొట్టం నుంచి వచ్చే ఆవిరి ఇంటాయనకు ఆగర్భశత్రువు. ఆ ఆవిరిని చూసి ఆయన కిటికీలు మూశాడు. ఆ తరువాత వాన పేరు చెప్పి, ఆ పైన ఎండ పేరు చెప్పి మూసే ఉంచాడు. చివరికి ఏ పేరూ చెప్పనక్కర లేకుండానే అవి మూతబడ్డాయి. వదినగారు తడిబట్టలు మేడమీద ఆరేస్తుంది, అక్కడే కాస్త ఎక్కువసేపు నిలబడుతుంది. గాలి పీల్చుకోవడానికి బట్టలు ఉతికే ఇల్లాలిని మీరెక్కడా చూసి ఉండరు.

ఇంతకీ ఆ గోడమీది మాండొలిన్లన్నిటిలోకీ పెద్దది, నట్టనడిమి గూట్లో ఉన్నది, వదినగారిదే.

మేనత్త ఇచ్చింది. తేనెరంగు పైచెక్క, చదును వీపు, కోడిగుడ్డు ఆకారంలో రంధ్రం. వింతేమిటంటే దానికి ఇంకో రంధ్రం కూడా ఉంది. పక్కచెక్కలో, ఒళ్ళో పెట్టుకుంటే సరిగ్గా వాయించే మనిషి ముఖానికి ఎదురుగా వచ్చేటట్టు, బొటనవేలు పట్టేంత. పెళ్ళికి ముందు వదినగారు ఒక నృత్యశాల బృందంలో దాన్ని వాయించేది. వెనక డప్పులు, పక్కన బాకాలు, ముందు చిందులు. అంత గోలలోనూ ఆ చిన్న రంధ్రం నుంచి తన వాద్యం తనకు వినిపించేది. ఎవరికి వినిపించినా వినిపించకపోయినా, తనకు వినిపించేది.

ముందు బెంచీలో రోజూ ఒక నీళ్ళ శాఖ గుమాస్తా కూర్చునేవాడు. చిందులు రావు, పాట రాదు, మాట అసలే రాదు. చెవి మాత్రం దేవుడిచ్చిన చెవి. తీగ శ్రుతి ఏమాత్రం తగ్గినా బొటనవేలు పైకెత్తి చూపించేవాడు, ఎక్కించమని. ఎక్కువైతే కిందికి. ఆమె చేయి ఆపకుండానే తీగ బిగించే మర తిప్పేది. ఆ బొటనవేలు చూసే ఆమె అతన్ని చేసుకుంది. ఇంతకంటే తక్కువ చూసి పెళ్ళి చేసుకున్నవాళ్ళు లోకంలో బోలెడంతమంది.

పెళ్ళయిన మొదటి చలికాలంలో పైచెక్క బీటవారింది. సన్నటి గీత, వెంట్రుకంత. ఆమె ఏడ్చింది. ఆయన ఉద్యోగానికి సెలవు పెట్టి, ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి, అతికించి తెచ్చాడు. "నీ ప్రాణం కదా, ఇకమీదట నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ మాటకు ఆమె మురిసిపోయింది. అదే ఆమె చేసిన పొరపాటు. చెక్క ఆరేదాకా వద్దన్నాడు. తరువాత చలి పోనీ అన్నాడు. వానలు పోనీ అన్నాడు. అద్దాల గూడు చేయించాడు. గూటికి తాళం వేయించాడు. పక్కన తోడుగా ఇంకోటి తెచ్చాడు, దానికి తోడు మరోటి. చెడ్డవాడైతే పోట్లాడి గెలవచ్చు. మంచివాడితో ఏమని పోట్లాడతారు?

మీటే బిళ్ళ ఒక్కటి ఆమె దగ్గర మిగిలింది. దాన్ని వంటింటి డ్రాయరులో పెట్టుకుని, గిన్నెలకు పట్టిన మాడు గీకడానికి వాడుకుంటూ ఉంది.

ఆ రోజు సంఘంవాళ్ళు నడిమి గూటి మాండొలిన్ కోసం వస్తున్నారు. ఇంకో నగరంలో వాళ్ళ ప్రదర్శనశాల ఉంది. అందులో దానికి శాశ్వతంగా చోటు ఇస్తామన్నారు. కింద ఇత్తడి రేకు మీద దాత పేరు చెక్కిస్తామన్నారు. ఇంటాయన వారం రోజులుగా నేలమీద నడవడం లేదు. అది ఇల్లు దాటితే మళ్ళీ రాదు. ఆ సంగతి వదినగారికి తెలుసు. పొద్దున్నే బిస్కెట్లు పళ్ళెంలో పేరుస్తూ అడిగింది.

"ఏవండీ, ఇచ్చేముందు ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుంటాను."

"ఇవాళా?" అన్నాడాయన, చేతికి తెల్లటి తొడుగులు వేసుకుంటూ. "తీగలు పాతవి. వేలు తగిల్తే తెగుతాయి."

"తెగితే కొత్తవి వేద్దాం."

"కొత్తవా!" ఆయన నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్ల చందమామను అడిగితే నవ్వినట్టు. "ఆ తీగలతో ఉంది కాబట్టే అది అదయింది. కొత్తవి వేస్తే ఇంక వాళ్ళెందుకు తీసుకుంటారు?"

ఆమె ఆఖరి బిస్కెట్టు పేర్చింది. ఆయన గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"వాళ్ళొచ్చాక నువ్వు వంటింట్లోనే ఉండు. టీ నేనే తీసుకెళ్తాలే."

పెళ్ళైనప్పటినుంచీ టీ కప్పు ఎత్తి ఎరగని మనిషి ఇలా అన్నాడంటే ఏదో ఉందని వదినగారికి తట్టింది. ఏముందో మాత్రం తట్టలేదు.

వచ్చింది ముగ్గురు. సంఘం పెద్దాయన మొదటివాడు. జేబులోంచి భూతద్దం తీయకుండా మనుషుల్ని కూడా పలకరించడు కాబట్టి అందరూ ఆయన్ను భూతద్దంగారంటారు. రెండో ఆవిడ పళ్ళ డాక్టరమ్మ. పళ్ళు చూసే బుల్లి అద్దంతోనే మాండొలిన్ల కడుపులు కూడా చూస్తుంది. మూడోవాడు ఆవిడ మొగుడు, ఫొటోలు తీసేందుకు వస్తాడు. ఆయనకు లోలోపల బొజ్జలంటేనే ఇష్టమని, భార్యకు భయపడి కక్కలేక మింగలేక ఉన్నాడని వదినగారి అనుమానం. ఆయన కళ్ళు చూస్తే ఆమెకు తన కళ్ళే గుర్తొస్తాయి.

ఇంటాయన గూటి తాళం తీసి, మెత్తటి గుడ్డ పరచిన బల్లమీద మాండొలిన్‌ను పడుకోబెట్టాడు. ఆ గదిలో ఆయన్ను చూడాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన వస్తే కుర్చీ జరిపినవాడు లేడు. ఇక్కడ భూతద్దంగారంతటివాడు లేచి నిలబడి చోటిస్తాడు. వదినగారు ఆ ఒక్కటి చూసే ఇన్నేళ్ళూ నోరు కట్టేసుకుంది. మొట్టమొదటిసారి సంఘంవాళ్ళు వచ్చి ఇది ఎవరిదని అడిగినప్పుడు ఆయన తత్తరపడి "ఎవరో వాయించేవారట, పాత దుకాణంలో దొరికింది" అన్నాడు. భార్య వాద్యం అంటే చిన్నచూపు చూస్తారనుకున్నాడో ఏమో. ఆ తరువాత ఆ 'ఎవరో' మీద సంఘంవాళ్ళు కథలు అల్లారు, వ్యాసాలు రాశారు. ఇక మార్చాలంటే ఆయన పరువు పోవాలి. మార్చకపోతే ఆమె లేనట్టే లెక్క. అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయింది.

"వదినగారేరీ?" అని అరిచింది డాక్టరమ్మ. "టీ లేకుండా ఇంత పెద్ద పని మొదలుపెడతామా?"

ఇంటాయన వంటింటి వైపు అడుగు వేశాడు గానీ చేతులకు తొడుగులున్నాయి. వాటితో పళ్ళెం పట్టుకోలేడు, వాటిని తీస్తే మాండొలిన్ ముట్టుకోలేడు. ఆయన గుమ్మం దగ్గర తటపటాయిస్తుండగానే వదినగారు పళ్ళెం పట్టుకుని వచ్చేసింది.

భూతద్దంగారు మాండొలిన్ మీదికి వంగి ఉన్నాడు.

"చూశారా, ఇక్కడ చిటికెన వేలు ఆనింది. రంగు పోయి తెల్లచెక్క తేలింది. ఎంత గట్టిగా ఆన్చాడో! వదులు చెయ్యి కాదు ఇది."

వదినగారి కుడిచేతి చిటికెన వేలు పళ్ళెం అంచుమీద కదిలింది.

"రెండో జంట తీగల కింద మెట్లు చూడండి," అంది డాక్టరమ్మ. "మిగతావాటికంటే ఎక్కువ అరిగాయి. ఆ స్వరాలంటే ఈయనకి ప్రాణం."

"ఈ గీతలు చేతి గడియారం గొలుసువి. వదులుగా ఉండేదనుకుంటా. తనది కాదేమో, ఎవరో ఇచ్చి ఉంటారు."

మేనత్త గడియారం. పెద్దది, చేతిమీద జారుతూ ఉండేది. వదినగారు తన మణికట్టు వైపు చూసుకుంది. వీళ్ళు పిచ్చివాళ్ళని, చెక్కముక్కల చుట్టూ తిరిగే పనిలేనివాళ్ళని ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు వీళ్ళు తన చేతిని, తన ఇష్టాన్ని, తన మేనత్తను ఆ చెక్కమీద అక్షరం పొల్లు పోకుండా చదువుతున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో తన గురించి ఇన్ని మాటలు ఎవరూ మాట్లాడలేదు. పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడితే మాత్రం చక్కెర ఎంత వెయ్యమంటారని కూడా ఆమెవైపు చూసి అడగరు.

డాక్టరమ్మ మొగుడు కెమెరా దించి, "ఈ పక్క రంధ్రం ఎందుకో?" అన్నాడు.

"గాలికని కొందరంటారు," అన్నాడు భూతద్దంగారు. ఆయన గొంతు తగ్గింది. "నాకేమనిపిస్తుందంటే, ఇది వాయించే మనిషి కోసం. ఊరంతా గోల చేస్తున్నా తన పాట తనకి వినబడాలని ఎవరో ప్రేమగా పెట్టారు."

వదినగారు పళ్ళేన్ని రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఇంకోటి చెప్పనా?" అన్నాడాయన. "ముసలితనం వచ్చి మెల్లమెల్లగా మానేసిన వాద్యం ఇలా ఉండదు. దీని అరుగుదల మంచి ఊపులో ఉండగా తెగిపోయింది. ఈ మనిషి ఉన్నట్టుండి ఆపేశాడు."

ఇంటాయన తన తొడుగుల వేళ్ళు సర్దుకుంటున్నాడు.

భూతద్దంగారు నిటారుగా నిలబడి, భూతద్దం జేబులో పెట్టి, గొంతు సవరించుకున్నాడు. "సరే. ఇక పద్ధతి ప్రకారం అడగాల్సింది అడుగుతాను. మీరు అందరి ఎదుటా చెప్పాలి. దీన్ని వాయించిన మనిషి ఉన్నారా?"

"అదేం ప్రశ్న?" అంది వదినగారు. ఆమె నోటివెంట మాట రావడం అందరికీ వింతగానే తోచింది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. "మా సంఘం నియమం వదినగారూ. వాయించిన మనిషి బతికుంటే ఆ వాద్యాన్ని మేం తీసుకోం. వెనకటికి ఎవరిదో తీసుకున్నారట. ఆ వాయించినాయన రోజూ ప్రదర్శనశాలకొచ్చి, టిక్కెట్టు కొనుక్కుని, అద్దం ముందు కూర్చునేవాడట. వేళ్ళు ఊరికే కదుపుకుంటూ. చూడలేకపోయారు. అప్పట్నించీ ఈ ప్రశ్న."

వంటింట్లోనే ఉండమన్నది ఎందుకో వదినగారికి అప్పుడు తట్టింది. ఆమె మొగుడివైపు చూసింది. కోపంగా కాదు. కాదనడానికి ఆయనకు ఇంకా ఒక్క క్షణం ఉందని, ఆ క్షణం ఆయన వాడుకుంటాడని ఆశగా చూసింది.

ఆయన ఆమెవైపు చూడలేదు. గోడమీది మీటరు వైపు చూశాడు.

"లేరండీ," అన్నాడు. "పోయారట."

పళ్ళెం ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. టీ వేడి కప్పుల మీంచి ముఖానికి కొడుతోంది. ఒక మనిషి చావుకబురు ఆ మనిషి ఎదురుగానే చెప్పడం, విన్నవాళ్ళు అయ్యో పాపమని తలలు ఊపడం, డాక్టరమ్మ కళ్ళు తుడుచుకోవడం, అన్నీ ఆమె చూసింది. అరవాలనుకుంది. అరిస్తే ఆయన పరువు ఏమవుతుందో అప్పటికీ గుర్తొచ్చింది, పాడు అలవాటు! తలుపు వైపు చూసింది. తలుపు దాటితే మెట్లు, మెట్లు దాటితే మేడ, మేడమీద తడిబట్టలు. అంతకు మించి వెళ్ళేచోటు లేదు.

పెన్ను మూత తీసిన చప్పుడయింది. భూతద్దంగారు సంతకాల కాగితం బల్లమీద పరిచాడు.

వదినగారు పళ్ళేన్ని నేలమీద పెట్టింది. బల్లకింద ఉన్న పొట్టి పీట కాలితో ముందుకు లాక్కుని కూర్చుంది. చేతులు చాచి మాండొలిన్‌ను ఒళ్ళోకి తీసుకుంది, ఉత్త చేతులతో.

"అయ్యయ్యో వదినగారూ, తొడుగులు!" అని డాక్టరమ్మ కేక పెట్టింది.

"ఏయ్, తీగలు!" అన్నాడు ఇంటాయన.

ఆమె వినలేదు. చిటికెన వేలు వెళ్ళి తెల్లచెక్క తేలిన చోట కూర్చుంది, వాడిన చెప్పులో కాలు దూరినట్టు. పొద్దున గిన్నెలు తోముతూ ఏప్రన్ జేబులో వేసుకున్న, మాడు గీకీ గీకీ ఒక అంచు నల్లబడిన బిళ్ళ తీసింది. మొదటి తీగ మర తిప్పింది. చెక్క కిర్రుమంది. ఇంకాస్త తిప్పింది. తీగ టప్పున తెగి, ఆమె బుగ్గను గీరి, గాలిలో వేలాడింది.

డాక్టరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భూతద్దంగారు బల్ల అంచు పట్టుకున్నాడు. ఇంటాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మాండొలిన్‌కు తీగలు జంటలుగా ఉంటాయి. ఒకటి తెగినా పక్కది పలుకుతుంది. వదినగారు ఆ పక్కదాన్ని సర్దింది, మిగతావాటిని సర్దింది, బుగ్గ తుడుచుకోలేదు. వాయించింది. నృత్యశాలలో ఆఖరున, జనం ఇళ్ళకు వెళ్ళేముందు వాయించే పాట. వేళ్ళు మెత్తబడిపోయాయి. తీగలు కత్తుల్లా కోశాయి. రెండుచోట్ల తప్పింది, ఒకచోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ పట్టుకుంది. కానీ పక్కచెక్కలోని ఆ చిన్న రంధ్రం నుంచి పాట నేరుగా ముఖానికి వచ్చి తగిలింది, ఎక్కడికీ పోకుండా ఇన్నాళ్ళూ లోపలే ఉన్నట్టు. ఆమె కళ్ళనుంచి నీళ్ళు కారి పైచెక్క మీద పడ్డాయి. తేమ, మరి! ఆ రోజు ముల్లు ఎంతవరకు వెళ్ళిందో చూసినవాళ్ళు లేరు.

భూతద్దంగారు చూస్తున్నది ఆమె చిటికెన వేలిని. చాలాసేపు చూశాడు. భూతద్దం తీయలేదు. తరువాత సంతకాల కాగితాన్ని మెల్లగా మడిచి సంచీలో పెట్టేసి, ఇంటాయన వైపు తిరిగాడు.

"ఎవరు పోయారన్నారు?" అని అడిగాడు.

ఇన్నేళ్ళ గౌరవం ఆ ఒక్క ప్రశ్నతో జారిపోయిందని ఇంటాయనకు తెలుసు. ఇక ఈ గదిలో ఆయన కోసం ఎవరూ లేవరు. ఆయన నిలబడలేక, అతిథుల కోసం వేసిన కుర్చీల్లో ముందుదాంట్లో కూర్చుండిపోయాడు. తల వంచుకుని విన్నాడు. ఎంత సిగ్గుపడ్డా చెవి చెవే. రెండో జంటలో ఒక తీగ తగ్గి పలుకుతోంది. ఆయన ఓర్చుకున్నాడు. మళ్ళీ తగ్గి పలికింది.

ఆయన కుడిచేతి తొడుగు లాగి కిందపడేశాడు. బొటనవేలు పైకెత్తాడు.

వదినగారు చూసింది. మీటుతున్న చేయి ఆగింది.

"ఎక్కిస్తే తెగుతుందేమో," అంది.

ఆయన బొటనవేలు దించలేదు.

"తెగితే కొత్తది వేద్దాం," అన్నాడు.

ఆమె మర తిప్పింది.